పొట్టేలును అడిగి మార్చిన గేరాయిలు

ఆ రోజుల్లో లారీ ఉన్నవాడంటే ఊళ్ళో చిన్న దొరతో సమానమని మా ఈడు వాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు. చెప్పేవాళ్ళలో లారీ ఉన్నవాడు ఒక్కడూ ఉండడు, గమనించండి. నాకు లారీ ఉండేది. దాని కింద వెల్లకిలా పడుకుని, మొహం మీద నల్లటి జిడ్డు బొట్లుబొట్లుగా కారుతుంటే, ఆకాశం కనిపించాల్సిన చోట తుప్పు పట్టిన ఇనుమును చూస్తూ నా యవ్వనం గడిపాను. అప్పుడు నన్ను చూసి అసూయపడ్డవాళ్ళు ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే మాత్రం వాళ్ళెవరూ వచ్చి జాకీ పట్టుకోలేదు.

మాది దేవరకొండకు దక్షిణాన రాళ్ళ గుట్టల మధ్య ఉన్న ఒక చిన్న పల్లె. వాన పడితే జొన్న, ఆముదం; పడకపోతే గొర్రెలు. మా ఇంట్లో తాతల నాటి నుంచి గొర్రెలే. నేను మాత్రం సాగరం దగ్గర ఆనకట్ట కడుతున్న చోట కొన్నాళ్ళు డ్రైవరుగా చేసి, తల నిండా పెట్రోలు వాసన నింపుకుని ఇంటికొచ్చాను. వచ్చి, సగం మందను అమ్మి లారీ కొందామని బాపు ప్రాణం తీశాను. లారీ కూడా ముందే చూసిపెట్టుకున్నాను. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న బండి అది. తర్వాత ఒక కంట్రాక్టరు దానితో రాళ్ళు మోయించి మోయించి, ఇక అది మోసేలా లేదని తేలాక నా కంట పడేలా నిలబెట్టాడు. ఎన్ని మైళ్ళు తిరిగిందో చెప్పే మీటరు ఎప్పుడో ఆగిపోయింది. (“కొత్త మీటర్ ఏయించుకో తమ్మీ, బండి కొత్తదైపోతది” అన్నాడు ఆ కంట్రాక్టరు. ఆ మాటను నేను నిజంగానే కొంతసేపు నమ్మాను.)

బాపు వారం పది రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు పొద్దున్నే మందను దొడ్డిలోంచి తోలుతూ, నా మొహం చూడకుండా అన్నాడు: “నాలుగు కాళ్ళ సొమ్ము అమ్మి నాలుగు గిర్రల సొమ్ము తెస్తనంటున్నవు. గొర్రె సస్తే తోలన్న మిగుల్తది. గిది సస్తే ఏం మిగుల్తది కొడుకా?”

నేను అప్పుడు ఒక మాట ఇచ్చాను. మా వైపు కరువొస్తే గొర్రెలను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవాలి. అక్కడైతే నీళ్ళుంటాయి, ఇంత పచ్చిక ఉంటుంది. పెద్ద గొర్రెలు ఎలాగో నడిచేవి. ఈనిన గొర్రెలూ, వాటి పిల్లలూ నడవలేకపోయేవి. దారిలో పిల్లలు ఒక్కొక్కటే కూలబడేవి. మోయగలిగినన్ని మోసి, మిగిలినవాటిని వదిలి రావాల్సి వచ్చేది. మా అవ్వ (అంటే బాపును కన్న తల్లి) అట్లా వదిలేసిన పిల్లల గురించి కరువు పోయిన ఎన్నేళ్ళకో కూడా రాత్రి అన్నం ముందు కూర్చుని తలచుకునేది. అందుకే నేను, “బాపూ, కరువొచ్చిన ఏడాది తల్లులను, పిల్లలను నా లారీల ఎక్కించుకొని కిష్ణ కాడ దింపుత. ఒక్క పిల్ల గూడ తొవ్వల పడది” అన్నాను. సగం మంద అమ్ముడుపోయింది. దేవుడు ఆ మాట విన్నట్టున్నాడు, మరుసటి ఏడే వానలు ఎగ్గొట్టాడు.

మాఘం పోయేసరికి బావులు అడుగంటాయి. చిత్రంగా ఆ ఏడాది పిల్లలు కూడా ఎక్కువే పుట్టాయి. దొడ్డి నిండా సన్నటి అరుపులు. ఇంట్లో అందరూ నేను భోంచేస్తుంటే ఒకసారి నా వైపూ ఒకసారి లారీ వైపూ చూసేవారు. సరిగ్గా అప్పుడే లారీ మూలగడం మొదలుపెట్టింది. ఇంజను సంగతి కాదు, అది పుట్టుకతోనే దగ్గుతుంది. ఇది గేర్‌బాక్సులోంచి వచ్చే మూలుగు. రెండో గేరులో మొదలై, మూడో గేరులో ఏడుపు అయ్యేది. లోపలున్న గేరాయిలు, అంటే గేర్లకు పోసే నూనె, ఎవరు పోశారో, ఎప్పుడు పోశారో తెలియదు. కంట్రాక్టరు పోసి ఉంటాడని అనుకోవడానికి వీల్లేదు, ఆయన మొహం నాకు గుర్తుంది. మిలిటరీవాళ్ళే పోసి ఉండాలి. ఏ దేశంలో పోశారో మరి.

నల్లగొండలో ఒక ఉస్తాద్ ఉండేవాడు. లారీల విషయంలో ఆయన మాటే మాట. బండిని ఏడిపించుకుంటూ అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన మూత విప్పి, లోపలికి వేలు పెట్టి, బయటికి తీసి, ఆ మడ్డిని బొటనవేలితో రుద్ది, చాలాసేపు గౌరవంగా చూశాడు.

“మార్చకు బేటా” అన్నాడు.

“మార్చకపోతే ఎట్ల ఉస్తాద్? మొత్తుకుంటాంది.”

“మొత్తుకోనీ. పానమున్నదాంకనే గద మొత్తుకునేది. లోపట గేరు పండ్లు ఎప్పుడో అరిగిపోయినయ్. గీ మడ్డే పండ్ల తీరుగ నిలవడ్డది. గిది నూనె గాదు బేటా, గిదే గేరు. తీస్తివా, ఖతం.”

నేను తల ఊపి, ఆయనకు దండం పెట్టి, ఊరికి బయలుదేరాను. అంతటితో ఆగి ఉంటే నా జీవితం వేరుగా ఉండేది. దారిలో దేవరకొండ ఉంది, దేవరకొండలో ఇంకో మేస్త్రి ఉన్నాడు. నా బండి అరుపు విని ఆయనే రోడ్డు మీదికొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. ఉస్తాద్ చెప్పింది చెప్పాను. పడీ పడీ నవ్వాడు.

“మడ్డి పండ్లోలె నిలవడ్డదా? ఎవడన్నడయ్యా? గా మడ్డిల అంత ఇనుప రజనే ఉంటది. తిరిగినకొద్ది ఉన్న పండ్లను గూడ నమిలి మింగుతది. నా మాట ఇని ఇయ్యాల్లనే మార్చు తమ్మీ. రేపంటే మాత్రం నా దగ్గరికి రాకు.”

ఇద్దరూ పెద్ద పనివాళ్ళే. ఇద్దరూ ఒకే మడ్డిని చూశారు. ఇద్దరి గొంతులోనూ అనుమానమన్నది లేదు. ఉన్న అనుమానమంతా నాకు అప్పగించి వాళ్ళు హాయిగా ఉన్నారు. మేస్త్రి దగ్గర కొత్త గేరాయిలు డబ్బా ఒకటి తీసుకుని (తీసుకుంటే తప్పేముంది, మార్చకపోతే ఉంటుంది కదా అనుకున్నాను) ఇల్లు చేరాను. ఆ డబ్బాను చూరు కింద పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. మార్చితే బండి చస్తుందని ఒకరు, మార్చకపోతే చస్తుందని ఒకరు. బండి చస్తే పిల్లలు నడవాలి. పిల్లలు నడిస్తే దారిలో పడతాయి. ఎటు తిరిగి వచ్చినా నా ఆలోచన ఆ దారి మీదే వచ్చి ఆగేది. అన్నం సయించేది కాదు. పొద్దస్తమానం బండి కిందికి దూరి గేర్‌బాక్సుకు చెవి ఆనించి పడుకునేవాణ్ణి, అదే ఏమైనా చెబుతుందేమోనని. నన్నలా చూసిన అవ్వ మా అమ్మతో, “పిలగానికి గాలి సోకినట్టున్నది, జర దిష్టి తియ్యి” అంది. అమ్మ తీసింది. దిష్టి తీసిన మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదట, అంటే దిష్టి గట్టిదేనట. నాకూ అలాగే అనిపించింది.

చివరికి బాపుతో మొత్తం చెప్పాను. ఆయన చుట్ట కాలుస్తూ శ్రద్ధగా విన్నాడు. “ఒకలు మార్చుమన్నరు, ఒకలు మార్చొద్దన్నరు. అంతేనా? దీనికింత ఫికరెందుకురా? పొట్టేలును అడుగుదాం” అన్నాడు.

ఇక్కడ మా ఇళ్ళల్లోని ఒక పద్ధతి చెప్పాలి. దేవుడికి యాటను బలి ఇచ్చేటప్పుడు దాని వీపు మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు జాడించిందా, దేవుడు ఒప్పుకున్నట్టు. జాడించకపోతే ఏదో లోపం ఉన్నట్టు. ఇది అందరి ఇళ్ళల్లోనూ ఉన్నదే. మా బాపు దీన్ని ఇంకొంచెం సాగదీశాడు. ఇంట్లో ఏ సంగతి తేలకపోయినా మంద పెద్ద పొట్టేలును వాకిట్లోకి తెచ్చి, నీళ్ళు పోసి, అడిగేవాడు. కోసేది లేదు, అడగడమే. మా అక్క పెళ్ళి అలాగే ఖాయమైంది. (మా బావ మా ఇంటికి ఎప్పుడొచ్చినా అత్తమామల కన్నా ముందు ఆ పొట్టేలును పలకరించి, ఇంత తుమ్మకాయ పెట్టేవాడు. కృతజ్ఞత తెలిసిన మనిషి.) లోకం చూసినవాణ్ణి, డ్రైవర్ని, నేను దీనికి ఒప్పుకోకూడదు. కానీ ఇద్దరు మెకానిక్‌ల చేతిలో పడ్డవాడికి పొట్టేలు కొత్తగా చేసే నష్టమేముంది? ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున లారీ ముందు పొట్టేలును నిలబెట్టారు. నుదుట బొట్టు పెట్టారు. బావ వచ్చాడు, వాడకట్టు జనం వచ్చారు. బాపు చెంబెత్తి, “మల్లన్న తండ్రీ, గీ బండి నూనె మార్చుమంటే ఒళ్ళు జాడియ్యి, వద్దంటే ఊకుండు” అని పసుపు నీళ్ళు పోశాడు.

పొట్టేలు కళ్ళు మూసుకుంది. పొద్దెక్కీ ఎక్కకముందే కాగుతున్న ఎండ. ఆ చల్లటి నీళ్ళు వీపు మీదుగా కారుతుంటే దానికి ఎంత సుఖంగా ఉందో చూస్తున్న మాకే తెలుస్తోంది. జాడించి ఆ నీళ్ళను పోగొట్టుకోవడానికి అదేమైనా పిచ్చిదా? బాపు ఇంకో చెంబు పోశాడు. అది మెడ వంచి, చెవుల వెనక కూడా పొయ్యమన్నట్టు నిలబడింది. “వద్దంటున్నది” అన్నారు సగం మంది. “ఇంక ఆలోచిస్తాంది” అన్నారు మిగతా సగం. నేను అలా నిలబడి, నా మంద, నా మాట, నా లారీ అన్నీ ఒక తడి పొట్టేలు వీపు మీద వేలాడుతుండగా చూస్తూ, ఇంతకన్నా హీనమైన స్థితి మనిషికి ఉంటుందా అనుకున్నాను. ఉంటుందని తర్వాత తెలిసింది.

అవ్వకు ఒళ్ళు మండింది. “మనుసులకు తాగనీకె నీళ్ళు లేకుంటే దీనికి తానాలా?” అని బాపు చేతిలోంచి కడవ లాక్కుంది. “రోగం బండిది. గొర్రెనడిగితే ఏం చెప్తది? దాన్నే అడుగుండ్రి!” అంటూ అడుగున మిగిలిన పసుపు నీళ్ళు లారీ ముందు మూత మీద కుమ్మరించింది.

“ఇంజన్ బందుంటే గదెట్ల చెప్తదవ్వా?” అన్నాడు బావ. ఆయన ఎప్పుడూ ఇలాంటి చోటే తెలివి చూపేవాడు. అంటూనే ముందు హ్యాండిలు దూర్చి బలంగా తిప్పాడు. బండి ఒక్కసారి దగ్గి, లేచి, ముందు దీపాల దగ్గర్నుంచి వెనక తలుపు దాకా గజగజలాడి, పసుపు నీళ్ళు అందరి మీదా చిందించి, ఒక బోల్టు కింద రాల్చి ఆగింది.

వాకిలంతా చేతులు జోడించింది. “జాడిచ్చింది! బండే ఒళ్ళు జాడిచ్చింది!” అన్నాడు బాపు, కళ్ళనీళ్ళు పెట్టుకుని. ఆ బండి స్టార్టు చేసిన ప్రతిసారీ అలాగే ఊగుతుందని, మిలిటరీ కాలం నుంచీ ఊగుతూనే ఉందని నాకు తెలుసు. ఆ మాట చెబుదామనే నోరు తెరిచాను. కానీ ఎవరో ఒకరు తేల్చారు కదా అన్న హాయి ఒళ్ళంతా పాకింది. నేను కూడా చేతులు జోడించాను.

ఆ పూటే మార్చాను. కింది బిరడా విప్పితే లోపల్నుంచి దిగడానికి ఇష్టం లేనట్టుగా నల్లటి మడ్డి సాగుతూ సాగుతూ జారింది. ఎండలో పట్టి చూస్తే అందులో సన్నటి తళుకులు. బాపు గొర్రెలు కుడితి తాగే మట్టి తొట్టి తెచ్చి కింద పెట్టాడు. కొత్త నూనె వంటనూనె రంగులో ఉంది. దాన్ని చూసి బాపు, “గింత మంచిది దానికి పోస్తున్నవా?” అన్నాడు బాధగా. పోశాను. బిగించాను. చేతులు కడుక్కుని, మొదటి గేరు వేసి, పల్లె దాటి, రెండోది వేశాను.

మూలుగు పోయింది. దాని బదులు పెంకు మీద గునపంతో గీసినట్టు ఒక మోత వచ్చింది. తర్వాత గేరు కడ్డీ నా చేతిలోంచి టక్కున ఎగిరి మధ్యలోకి వచ్చి నిలబడింది. మళ్ళీ వేశాను, మళ్ళీ ఎగిరింది. మూడో గేరు, నాలుగో గేరు అసలు పట్టుకుంటే కదా! రెండో గేరు మాత్రం నేను బలంగా నొక్కి పట్టుకున్నంతసేపు ఉండేది, వదిలితే ఉండేది కాదు. లోపల పండ్లన్నీ ఉస్తాద్ చెప్పినట్టు ఆ మడ్డిలోనే ఉండేవి కాబోలు. బండిని అక్కడే వదిలి, దొరికిన సైకిలు మీద దేవరకొండకు తొక్కాను. మేస్త్రి టీ తాగుతున్నాడు.

“మార్చుమని నువ్వే అంటివి గద మేస్త్రీ!”

“మార్చుమన్న. పాతది పారబొయ్యిమన్ననా?” అన్నాడాయన, నొచ్చుకుంటూ. “గింత తిరిగిన బండికి సగం పాతది, సగం కొత్తది కలిపి పోస్తరు. ఎవలనడిగినా చెప్తరు. పాతది ఉన్నదా లేదా? ఉంటే ఫికరే లేదు. పొయ్యి, మళ్ళ నిలవడ్తది.”

ఉంది! తొట్టిలో ఉంది! ఆ సైకిలును నేను తొక్కినట్టు ఇంకెవరూ తొక్కి ఉండరు. వాకిట్లోకి వస్తూనే, “బాపూ, పాత నూనె యాడున్నది? పారబోసినవా?” అని అరిచాను.

బాపు మొహం వెలిగిపోతోంది. “పారబొయ్యలే కొడుకా. మనింట్ల ఏదన్న పారబోస్తమా?” అని దొడ్డి వైపు చెయ్యి చూపించాడు.

మంద మందంతా నల్లగా నిగనిగలాడుతోంది. ఎండాకాలం గొర్రెలకు గజ్జి పడుతుంది. గజ్జికి ఇంజను మడ్డి రాస్తే పోతుందని మావాళ్ళ నమ్మకం. ఇంతకాలం ఎక్కడైనా లారీ ఆగితే డ్రైవర్లను బతిమాలి ఇంత తెచ్చుకునేవారు. ఇప్పుడు మన ఇంట్లోనే తొట్టి నిండా! బాపు ఒక్కో గొర్రెనూ పట్టుకుని, గజ్జి ఉన్నచోట రాసి, లేనిచోట వస్తుందేమోనని రాసి, మిగిలింది ఇరుగుపొరుగు మందలకు కూడా పంచిపెట్టాడు. తొట్టిని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా ఎవరికో ఇచ్చేశాడు. నా గేర్‌బాక్సు పల్లె నిండా తిరుగుతూ ముళ్ళపొదలు మేస్తోంది.

నేను దొడ్డి గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అవ్వ ఒక గొర్రె వీపు మీద చెయ్యి వేసి చూసి, “పిండితే రాదా?” అంది నెమ్మదిగా. బావ నిజంగానే ఒక గుడ్డ తీసుకుని ప్రయత్నించాడు. ఇంత నల్లటి ఉన్ని, పల్లేరుకాయలు వచ్చాయి. (ఆ ఏడు మా పల్లెలో ఒక్క గొర్రెకు కూడా గజ్జి రాలేదు. లారీ వల్ల మా ఊరికి జరిగిన మేలు ఇదొక్కటే కాబట్టి మరిచిపోకుండా చెబుతున్నాను.)

బాపు నడవగల గొర్రెలను వేరు చేసి, అంబలి కుండ భుజాన వేసుకుని, ఆ సాయంత్రమే కృష్ణ దారి పట్టాడు. పోతూ పోతూ తల్లులూ పిల్లలూ ఉన్న వైపు ఒకసారి చూశాడు. “నీ ఇష్టం కొడుకా” అన్నాడు. ఆయనతో పంపితే సగం పిల్లలు దారిలో పడిపోతాయి. నా బండిలో ఎక్కిస్తే బండి ఎక్కడ ఆగుతుందో అక్కడ అన్నీ పోతాయి. ఇద్దరు మెకానిక్‌లూ, ఒక పొట్టేలూ కలిసి కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేరు.

తెల్లవారగానే బండిని ఎలాగో రెండో గేరులోనే ఇంటికి తెచ్చి ఎక్కించాను. వెనక తల్లులూ పిల్లలూ, వాటితో బావ, చేతిలో టైరు కింద పెట్టడానికి ఒక రాయి. ముందు నేను, నా పక్కన అవ్వ, ఆమె ఒడిలో నిలబడలేని ఒక పిల్ల. అవ్వ అంతకుముందు ఎన్నడూ ఆ బండి ఎక్కలేదు. దాన్ని “బర్రె” అనేది. ఎడమ చేత్తో రెండో గేరును అదిమిపట్టి, కుడి చేత్తో స్టీరింగు తిప్పుతూ పల్లె దాటాను. గుట్ట మలుపు దగ్గర స్టీరింగుకు రెండు చేతులూ కావాల్సి వచ్చింది. చెయ్యి తీశాను. కడ్డీ ఎగిరింది. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక పిల్లలన్నీ ఒక్కసారి అరిచాయి. బ్రేకు మీద నిలబడ్డాను, బావ దూకి రాయి పెట్టాడు. బండి ఆగింది.

అవ్వ ఆ కడ్డీ వైపు చూసింది. “గిది జాగల ఉంటే సాలా?” అంది.

“సాలవ్వా. గని ఉంటలేదు.”

“ఎందుకుండదు?” అని ఒడిలోని పిల్లను బావకు అందించింది. కొంగు నడుముకు చుట్టింది. ఒక పాదం ముందు రేకుకు తన్నిపెట్టి, ఉన్ని కత్తిరించేటప్పుడు పొట్టేలు కొమ్మును పట్టినట్టు రెండు చేతులతో ఆ కడ్డీని పట్టుకుంది. “ఇగ నువ్వు నీ పని చెయ్యి. దీని సంగతి నేను సూస్త.”

రెండో గేరు నిలబడింది. ఆ రోజంతా నిలబడింది. ఇంకో గేరు మాకు లేదు కాబట్టి ఎత్తయినా పల్లమైనా అదే గేరులో, అదే మోతతో పోయాం. అవ్వ మధ్యమధ్యలో దానితో మాట్లాడేది: “నిలవడు బిడ్డా... యాడికి పోతవ్... నీ అసొంటియి మస్తు సూసిన.” ఇంజను కాగి పొగలు కక్కినప్పుడల్లా ఆపి, నీళ్ళు వెతుక్కుని పోయాల్సి వచ్చేది. అడుగంటిన బావుల్లో దిగి నేను చెంబులతో నీళ్ళు తెచ్చేలోపు, మేం అంతకుముందు దాటి వచ్చిన బాపు మంద వెనక నుంచి వచ్చి మమ్మల్ని దాటిపోయేది. మళ్ళీ మేం దాటేవాళ్ళం, మళ్ళీ వాళ్ళు. దాటే ప్రతిసారీ బాపు తల తిప్పకుండా, రోడ్డును చూసుకుంటూ నడిచేవాడు. పొట్టేలు మాత్రం నా వైపు చూసేది.

పొద్దు గుంకే వేళకు కృష్ణ కనిపించింది. బాపు ముందే చేరి, తన గొర్రెలను నీళ్ళకు వదిలి, ఒడ్డున నిలబడి ఉన్నాడు. బండి ఇసుకలో కూరుకుని తనంతట తనే ఆగింది. ఆయన వచ్చి వెనక తలుపు దింపాడు. ఒక్కొక్క పిల్లనూ ఎత్తి, తడిమి, కింద విడిచాడు. అన్నీ దిగాయి. ఏదీ తగ్గలేదు. తర్వాత ముందుకొచ్చి చూస్తే అవ్వ ఇంకా కడ్డీ పట్టుకునే ఉంది.

“అవ్వా, ఒచ్చినం. ఇడువు” అన్నాను.

“ఇడుద్దామనే సూస్తున్న. ఏళ్ళు ఇనిపిచ్చుకుంటలెవ్వు” అంది నవ్వుతూ.

బాపు ఆమెను ఎత్తుకుని నీళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. ఆ చేతులను నీళ్ళల్లో పెట్టి, ముడుచుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పాడు. చాలాసేపు పట్టింది. విప్పుతూ నా వైపు చూసి, ఆ ఎండాకాలమంతటిలో మొదటిసారి నవ్వాడు. “బండి ఎట్లున్నా, గేరు మాత్రం మా అవ్వది” అన్నాడు. నేను ఆ పూట మందతోపాటు వంగి, కడుపు నిండా నీళ్ళు తాగాను.

వానలు పడ్డాక మంద నడుచుకుంటూ ఇంటికొచ్చింది. లారీ రాలేదు. దాన్ని తేవాలంటే అవ్వ మళ్ళీ కూర్చోవాలి. ఆమె, “ఒక్కసారికే ఒప్పుకున్న” అనేసింది. ఇసుకలో నుంచి దాన్ని ముక్కలుగా ఎవరు తీసుకుపోయారో నేను అడగలేదు. గేరాయిలు మార్చాలా వద్దా అన్నది మాత్రం ఈనాటికీ నాకు తెలియదు. అడిగినవాళ్ళందరికీ తల గోక్కుని, టీ ఇప్పించి పంపిస్తుంటాను.

ఈమధ్య మా మనవడు కొత్త కారు కొన్నాడు. దానికి గేర్లు మార్చే పనే లేదు, అదే మార్చుకుంటుందట. నన్ను ఎడమ వైపు సీట్లో కూర్చోబెట్టి దేవరకొండ దారిలో తిప్పాడు. ఒకప్పుడు ఆ సీటు అవ్వది. ఇప్పుడు ఆమె వయసు కూడా నాదే అయింది, ఆమె కీళ్ళ నొప్పులు కూడా నాకే వచ్చాయి. ఆ గుట్ట మలుపు వచ్చింది. కారు మెత్తగా ఎక్కుతోంది. నా చెయ్యి నన్ను అడక్కుండానే పోయి సీట్ల మధ్యనున్న ఆ చిన్న కడ్డీని పట్టుకుంది.

“తాతా, గది ముట్టకు. గదే మార్చుకుంటది” అన్నాడు వాడు.

“కదుపుతలేను బిడ్డా. ఊకెనే పట్టుకున్న.”

“ఎందుకు?”

“ఎనక పిల్లలున్నయ్” అన్నాను.

వాడు పాపం, అద్దంలో వెనక్కి చూశాడు. నేను కూడా చూశాను.